మధుమేహము – ఉపవాసము – అభయము

ఆహారము, నిద్ర, భయము మనుష్యులకును పశువులకును సమానమని మన పెద్దలు చెప్పిరి. అయితే మనుష్యునకు ఒక విశేషము కలదు. తన భయమును తానే ఎదుట నిలుపుకొని, "నీవు ఎందులకు వచ్చితివి? నీ మాట నేను ఎంతవరకు వినవలెను?" అని విచారింపగల శక్తిని భగవంతుడు అతనికి ప్రసాదించెను. ఆ విచారమే ధర్మమునకు మొదటి మెట్టు. ఈ వ్యాసమున అట్టి భయమొకదానిని గూర్చి ఆలోచింతము. అది పురాణములలో పేరు లేని భయము. అయినను నేడు మన యిండ్లలో, మన యాత్రలలో, మన ఏకాదశీ వ్రతములలో అది చోటు చేసికొన్నది. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారికి, రక్తములోని చక్కెర హఠాత్తుగా పడిపోవునేమో అని కలుగు భయమే అది.

అనంతపురము సీమవారికి ఆకలి భయము క్రొత్తది కాదు. నైరృతి ఋతుపవనములు తమ నీటిని పడమటి కనుమలలోనే విడిచి, వట్టి గాలులై ఈ పీఠభూమికి చేరును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమున కురిసి, ఇక్కడకు వచ్చునప్పటికి అలసిపోవును. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే ఈ నేలకు ప్రాప్తము. అదియు వేళకు రాదు. 1876–78 నాటి ధాత కరువు ఈ ప్రాంతమున ఎన్నో కుటుంబములను పొట్టన పెట్టుకొన్నది. ఆ తరువాతి కరువులలో గంజి కేంద్రముల ముందు ముంతలు పట్టుకొని నిలిచిన తరములు ఇక్కడివి.

అట్టి సీమలో కూడ ఏకాదశినాడు అన్నము ముట్టని వైష్ణవ గృహములు ఉండుట గమనింపదగినది. కరువు విధించిన ఆకలి వేరు. భక్తుడు తానై స్వామికి సమర్పించిన ఆకలి వేరు. మొదటిది దైన్యము, రెండవది ఆరాధనము. ఏడాదిలో ఎన్నియో దినములు విధిలేక పస్తున్నవాడు, ఇరువది నాలుగు దినములు మాత్రము తన యిష్టముతో పస్తుండి, "ఈ ఆకలి నాది కాదు, నీది" అని స్వామితో చెప్పుకొనెను. ఉపవాసమను మాటకు దగ్గరగా వసించుట అని అర్థము. ఆకలి అతనిని స్వామికి దగ్గర చేసినది.

నేడు గాదెల స్థితి మారినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చిన తరువాత, రాగి సంగటి, కొర్రన్నము, జొన్నరొట్టె తిన్న యిండ్లలో వరియన్నము నిత్యాహారమైనది. ఆహారము మారినది, దేహశ్రమ తగ్గినది, ఆయుర్దాయము పెరిగినది. వీనితోపాటు మధుమేహమును పెరిగినది. భారత వైద్య పరిశోధన మండలివారి అధ్యయనము 2023లో వెలువడినది. దాని ప్రకారము దేశమున పది కోట్లమందికి పైగా ఈ వ్యాధి కలదు; పెద్దలలో నూటికి పదునొకండుగురికి పైగా అన్నమాట. ఆకలికి జడిసిన సీమకు ఇప్పుడు ఆకలి మరియొక దారిన వచ్చుచున్నది. గాదె నిండియున్నను, మాత్ర మ్రింగినవాని రక్తములో కరువు పుట్టవచ్చును.

ఆ కరువు ఎట్లు పుట్టునో కొంచెము తెలిసికొనుట అవసరము. పెద్ద మనిషి రక్తమంతటిలో ఒక్క సమయమున ఉండు చక్కెర సుమారు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మాత్రమే. ఆ చెంచాడును ఎల్లవేళల నిండుగా ఉంచుటకై శరీరము అహోరాత్రములు పాటుపడుచుండును. మెదడు బరువులో దేహమునందు నూటికి రెండు పాళ్లు మాత్రమే. కాని దేహము వాడుకొను శక్తిలో సుమారు ఐదవ వంతు దానికే కావలెను. ఆరోగ్యవంతుడు భోజనము మానినప్పుడు అతని క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను తగ్గించును. కాలేయము తాను దాచియుంచిన చక్కెరను కొంచెము కొంచెముగా విడుచును. అందుచేతనే అతడు ఏకాదశి ఉపవాసమును సుఖముగా నడపగలడు. కాని ఇన్సులిన్ సూదిమందు పుచ్చుకొన్నవాని విషయము వేరు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ మొదలైన సల్ఫొనైల్ యూరియా వర్గపు మాత్రలు వాడువాని విషయమును అట్టిదే. ఒకసారి లోపలికి వెళ్లిన మందు తన పని తాను చేసికొనిపోవును. ఈ దినము ఏకాదశి యని మాత్రకు తెలియదు. మ్రింగినవాడు తిన్నాడా, పస్తున్నాడా అని అది అడుగదు.

ఈ మందుల చరిత్ర కూడ ఆలోచింపదగినది. 1921లో కెనడా దేశపు టొరంటో నగరమున ఇన్సులిన్ కనుగొనబడినది. 1922 జనవరి 11న పదునాలుగేండ్ల బాలునికి అది మొదటిసారి ఈయబడినది. అంతకు ముందు ఈ వ్యాధి పిల్లలకు వచ్చినచో మరణము తప్పదు. 1942లో ఫ్రాన్సు దేశపు మోన్పెలియే నగరమున, టైఫాయిడు రోగులకు ఒక క్రొత్త సల్ఫా మందు ఈయగా, వారిలో కొందరికి చక్కెర ప్రమాదకరముగా పడిపోయినది. ఆ ఆపదను విచారించి చూడగా మధుమేహమునకు మాత్రలు లభించినవి. కావున ఈ వర్గపు మందు తన దోషము ద్వారానే లోకమునకు పరిచయమైనది. దానియందు ప్రాణము నిలుపు గుణమును, ప్రాణము తీయగల దోషమును జంటగానే యున్నవి. దానిని చూచి భయపడువానిని పిరికివాడని పరిహసించుట న్యాయము కాదు.

రక్తమున డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకంటె చక్కెర తగ్గినచో జాగ్రత్త పడవలెననియు, 54 కంటె తగ్గినచో అది గట్టి ప్రమాదమనియు వైద్యులు చెప్పుదురు. మొదట చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి. తరువాత చూపు మసకబారుట, మాట తడబడుట, అకారణమైన కోపము, తికమక. ఆపైన స్పృహ తప్పుట, మూర్ఛ. ఇది నిద్రలోనైనను రావచ్చును, చేనిలో నైనను రావచ్చును, మెట్లదారిలో నైనను రావచ్చును.

ఇచ్చట ఒక చిత్రమున్నది. చక్కెర పడినప్పుడు చెమటలును దడయు పుట్టించునది అడ్రినలిన్ అను ఒక రసము. మనిషి భయపడినప్పుడు చెమటలును దడయు పుట్టించునదియు ఆ అడ్రినలినే. అనగా భయమునకును, భయకారణమునకును ఒకే ముఖము. చక్కెర పడినదని భయపడినవానికి ఆ భయమే చెమటలు పట్టించును; ఆ చెమటలను చూచి అతడు చక్కెర పడినదనియే నిశ్చయించుకొనును. చాలకాలము ఎక్కువ చక్కెరకు అలవాటుపడిన దేహము, అది మామూలు స్థాయికి దిగుచున్నప్పుడు కూడ ఆపద వచ్చినట్లు కేకలు వేయును. దీనికి విపరీతము కూడ కలదు. మాటిమాటికి చక్కెర పడినవాని దేహము క్రమముగా హెచ్చరికలు చేయుట మానివేయును. రక్తపోటునకై వాడు కొన్ని మందులు దడను, వణుకును కనబడనీయవు. అందుచేత లోపలి మాటను మాత్రమే నమ్ముకొని ఉండుటకు వీలులేదు. వ్రేలికొన నుండి ఒక రక్తపు చుక్క తీసి, చిన్న యంత్రముతో కొలిచి చూచుట ఒక్కటే నిజము తెలిసికొను మార్గము.

భగవద్రామానుజుల దర్శనమున, పొరపాటు పడిన జ్ఞానమునకు కూడ ఏదో యొక సత్యమైన ఆధారము ఉండునని చెప్పబడినది. రోగి భయమును చూచునప్పుడు మనకు ఈ దృష్టి యుండవలెను. "అంతయు నీ భ్రమ" అని యింటివారు కొట్టివేయరాదు. భయమునకు ఆధారము నిజమే. అది ఎంత పెద్దది, ఇప్పుడు ఉన్నదా లేదా, అనునవి మాత్రము కొలిచి తేల్చవలసిన విషయములు.

కొలువని భయము ఏమి చేయునో చూడుడు. ఒక గృహస్థుని ఊహింతము. అరువదియేండ్ల రైతు. ఉదయమే మాత్ర వేసికొని, సంగటి తరువాత తినవచ్చునని వేరుశనగ చేనికి వెళ్లెను. ఎండలో గుంటక త్రోలుచుండగా చెమటలు పట్టి కూలబడెను. ప్రక్క చేనివారు బెల్లము నీళ్లు త్రాగించి కాపాడిరి. ఆ దినము నుండి అతని జీవితము మారిపోయినది. చేనికి ఒంటరిగా పోడు. రాత్రి పడుకొనబోవుచు ఆకలి లేకున్నను మూడు ముద్దలు అధికముగా తినును. ఒకనాడు మాత్ర వేసికొని, రెండునాళ్లు మానును. వైద్యునకు మాత్రము అన్నియు సరిగా వేసికొనుచున్నానని చెప్పును. చక్కెర 300 దాటినను, "పడిపోవుటకంటె ఇదియే మేలు" అని తృప్తిపడును. అతని భార్య రాత్రి రెండు గంటలకు లేచి, అతని నుదుట చేయి పెట్టి చూచి, చెమట లేదని తెలిసిన తరువాత గాని మరల కన్నుమూయదు. ఇట్టివారు మన పల్లెలలో ఎందరో కలరు. 1987లో అమెరికాదేశపు వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ భయమును కొలుచుటకై ప్రశ్నావళి యొకటి ప్రకటించిరి. అందులో మనస్సులోని కలతకు ఒక భాగము, ఆ కలత వలన మనిషి చేయు పనులకు వేరొక భాగము. భయము మనస్సులో నిలిచియుండక చేతలలోనికి దిగునని దీనివలన తెలియుచున్నది.

ఆ చేతలకు మూల్యము కలదు. ఎక్కువ చక్కెర వెంటనే పడవేయదు; ఏండ్ల తరబడి కండ్లను, మూత్రపిండములను, పాదములను మెల్లగా తినివేయును. చక్కెరను అదుపులో ఉంచినచో ఈ నష్టములు తగ్గునని 1998లో వెలువడిన బ్రిటిషు అధ్యయనము స్పష్టపరచినది. అయితే 2008లో అమెరికాలో పదివేలమందిపై జరిగిన అకార్డ్ అను మరియొక అధ్యయనమున, చక్కెరను మరీ క్రిందికి దింపుటకు యత్నించిన వర్గమున మరణములు హెచ్చగుటచే ఆ చికిత్సను నడుమనే ఆపివేసిరి. అప్పటినుండి వృద్ధులకును, ఇతర వ్యాధులు కలవారికిని కొంత సడలింపు ఈయవలెనని వైద్యలోకము అంగీకరించినది. అతిగా తినువానికిని యోగము లేదు, బొత్తిగా తిననివానికిని యోగము లేదు అని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున ఉపదేశించిన మితము, రక్తములోని చక్కెరకును వర్తించినట్లున్నది.

ఇక ధర్మవిచారమునకు వత్తము. ఈ విషయమున భక్తుల నోట మూడు మాటలు వినబడుచుండును. "స్వామి యుండగా జేబులో చక్కెర పొట్లము ఎందులకు? అది అవిశ్వాసము కాదా?" అనునది మొదటి మాట. "ప్రాణము పోయినను వ్రతము చెడరాదు" అనునది రెండవది. "ఈ మందు వలననే గదా ఈ భయము! మందు మానివేసి భారము స్వామిపై వేసెదను" అనునది మూడవది. మూడును భక్తిమాటల వలెనే వినబడును. మూడింటిని పరిశీలింపవలెను.

మొదటిదానికి మన సంప్రదాయమున ప్రసిద్ధమైన రెండు దృష్టాంతములే సమాధానము చెప్పును. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. జీవుని ప్రయత్నము ఎంత, స్వామి కృప ఎంత అను విషయమున వడగలై, తెంగలై ఆచార్యులు ఈ దృష్టాంతములతో ఎంతయో చర్చించిరి. ఆ చర్చను తీర్చుట మన పని కాదు. కాని చక్కెర పడిపోవు వేళ ఒక్క మనిషియే ఈ రెండు స్థితులను అనుభవించుట గమనింపుడు. వణుకు మొదలైనప్పుడు అతనికి ఇంకను తెలివి కలదు, చేయి కదలును, పొట్లము విప్పుకొనగలడు. అప్పుడు అతడు కోతిపిల్ల. పట్టుకొనగలిగి పట్టుకొనకుండుట విశ్వాసము కాదు; తల్లి ఇచ్చిన చేతులను అవమానించుటయే. ఇంకను కొన్ని నిముషములు గడచినచో తెలివి తప్పును. అప్పుడు అతడు పిల్లికూన. తన చేతిలో ఏమియు లేదు, ఎవరో యెత్తుకొనవలెను. వైద్యులు కూడ ఈ గీతనే గీసిరి. ఇతరుల సహాయము లేనిదే తేరుకొనలేని స్థితినే వారు తీవ్రమైన ప్రమాదమని నిర్వచించిరి.

కావున విశ్వాసమునకు స్థానము ఎక్కడనో ఇప్పుడు స్పష్టపడినది. చేతులు ఉన్నంతవరకు పట్టుకొనుటయు, చేతులు లేని క్షణమునకై ఎత్తుకొనువారిని ముందుగా ఏర్పరచుకొనుటయు మన వంతు. అటుపిమ్మటనే "ఇక నీదే భారము" అను మాటకు నిజమైన అర్థము కలుగును. పొట్లము జేబులో లేనివాడు స్వామిపై భారము వేసినవాడు కాడు, ప్రక్కనున్నవారిపై వేసినవాడు.

రెండవ మాట వ్రతభంగమును గూర్చినది. వ్రతమును చెడగొట్టనివి ఎనిమిది యని ధర్మజ్ఞులు లెక్కించిరి. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము. ఈ పట్టికలో చివర నున్నది ఔషధము. చక్కెర పడిపోవుచున్నవాని నోటిలో వేసిన చక్కెర రుచికై తిన్న తీపి కాదు. అది ఆ క్షణమునకు ఔషధమే. దానిచే వ్రతము చెడదు. ఎనిమిదేండ్లలోపు బాలురకును, ఎనుబదియేండ్లు దాటిన వృద్ధులకును ఏకాదశీ నియమము లేదని పెద్దలు చెప్పుటలోను, అశక్తులకు పాలు, పండ్లు అనుకల్పముగా విధించుటలోను ఇదే దయ కనబడును.

అంబరీషుని కథ ఈ సందర్భమున స్మరింపదగినది. ద్వాదశీ వ్రతము ముగించి పారణ చేయవలసిన వేళ దూర్వాసుడు అతిథిగా వచ్చి, స్నానమునకు వెళ్లి ఆలస్యము చేసెను. అతిథికంటె ముందు భుజించుట దోషము. ద్వాదశి దాటిపోవుట వ్రతదోషము. రాజు తన పంతమునకు పోక, తెలిసిన పెద్దలను అడిగెను. నీరు త్రాగుట తినుటయు నగును, తినకుండుటయు నగును అని వారు నిర్ణయించిరి. ఆ గ్రుక్కెడు నీటితో రాజు వ్రతమును కాపాడుకొనెను. దూర్వాసుడు కోపించినను సుదర్శనము నిలిచినది రాజు పక్షముననే. ఈ కథలో మనకు కావలసిన సూక్ష్మము ఒకటి కలదు. అంబరీషుడు ఆ నిర్ణయమును తానొక్కడే చేయలేదు. తెలిసినవారిని ముందుగా అడిగెను. నేటి మధుమేహ రోగికి ఆ తెలిసినవారు ఇద్దరు, ఆచార్యుడును వైద్యుడును. ఏకాదశికి నాలుగు దినములు ముందుగానే అడుగవలెను గాని, ద్వాదశి తెల్లవారుజామున స్పృహ తప్పిన పిదప కాదు.

ఇతర మతస్థులును ఈ ప్రశ్నను ఎదుర్కొనిరి. రంజాను ఉపవాసములను గూర్చి అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మొదలైనవారు 2016లో మార్గదర్శకములను వెలువరించి, 2021లో సవరించిరి. ఎవరు ఉపవసింపవచ్చును, ఎవరు మానవలెను అని అందు నిర్ణయించిరి. చక్కెర 70కి తగ్గినచో వెంటనే ఉపవాసమును విరమింపవలెనని చెప్పిరి. ఉపవాస సమయమున వ్రేలు పొడిచి కొలుచుకొన్నంతమాత్రమున ఉపవాసము చెడదని కూడ స్పష్టము చేసిరి. మన అర్చకులును వైద్యులును కూర్చుండి ఏకాదశికిని ఇట్టి స్పష్టమైన మాట చెప్పినచో, ఎన్నో యిండ్లలో భయమును, దోషశంకయు ఒకేసారి తీరును.

మూడవ మాట మందు మానివేయుటను గూర్చినది. విశిష్టాద్వైతమున చేతనాచేతనములు రెండును ఈశ్వరునకు శరీరము. కావున ఈ దేహము మన సొత్తు కాదు. స్వామి సొత్తును మనము కాపాడుచున్నాము. కాపలావాడు భయపడి కాపలా మానుకొనుట ధర్మము కాదు. మందు వలన భయమైనచో మందు మార్చుమని అడుగవచ్చును. మెట్‌ఫార్మిన్, గ్లిప్టిన్ వర్గపు మందులు ఒంటరిగా వాడునప్పుడు చక్కెరను ప్రమాదకరముగా పడవేయుట అరుదు. అందరికీ అవియే చాలవు. అది వైద్యుడు నిర్ణయింపవలసినది. కాని "నాకు భయముగా నున్నది, అందుచే మాత్రలు మానుచున్నాను" అని వైద్యునితో నిజము చెప్పినగాని అతడు నిర్ణయింపలేడు. "నా మందు చక్కెరను పడవేయునదా? ఉపవాస దినమున దానిని ఎట్లు పుచ్చుకొనవలెను? నా వయస్సునకు ఎంత స్థాయి చాలును?" ఈ మూడు ప్రశ్నలు అడిగినవాని భయము సగము తగ్గును.

ఇచ్చట శరణాగతి అంగములలో ఒకటియైన కార్పణ్యమును తలచుకొనవలెను. తన అశక్తతను దాచక ఒప్పుకొనుటయే కార్పణ్యము. స్వామి సన్నిధిని "నేను ఏమియు చేతగానివాడను" అని చేతులు జోడించు మనము, బస్సులో ప్రక్కవానితో "నాకు మధుమేహము కలదు, నేను తడబడినచో చక్కెర పెట్టుడు" అని చెప్పుటకు సిగ్గుపడుచున్నాము. పెండ్లిపంక్తిలో ఆకు ముందు వడ్డన ఆలస్యమైనను, మాత్ర వేసికొన్నవాడు నోరు విప్పడు. ఈ సిగ్గు ఎందరి ప్రాణములమీదికో తెచ్చినది. స్వామి ముందు ఒప్పుకొన్నది మనుష్యుల ముందు దాచినచో, ఆ ఒప్పుకోలు పూర్తికాలేదనియే భావింపవలెను.

యింటివారి భయమును గూర్చి కూడ ఒక మాట. రాత్రి రెండు గంటలకు లేచి భర్త నుదురు తాకి చూచు ఆ యిల్లాలిని కొందరు అనవసరముగా భయపడునది అందురు. ఆముక్తమాల్యద చదివిన తెలుగువారికి విష్ణుచిత్తుడుగా పరిచితుడైన పెరియాళ్వారు, గరుడారూఢుడై ప్రత్యక్షమైన స్వామిని చూచి ఏమి చేసెను? వరమడుగలేదు. ఇంతటి సౌందర్యమునకు ఎవరి దృష్టి తగులునో యని భయపడి, స్వామికే పల్లాండు పాడి మంగళాశాసనము చేసెను. సర్వరక్షకునకు ఏమి ఆపద రాగలదు? అయినను ప్రేమ లెక్కలు చూడదు. ఆ తగని భయమునే ఆచార్యులు ప్రేమకు పరాకాష్ఠగా కొనియాడిరి. కావున ఆ యిల్లాలి భయమును పరిహసింపక, దానికి ఒక పని అప్పగింపవలెను. యంత్రముతో కొలుచుట ఆమెకు నేర్పవలెను. రాత్రి ఎప్పుడు కొలువవలెనో వైద్యునిచే చెప్పింపవలెను. పని దొరికిన భయము జాగరూకత యగును. పని లేని భయము వ్యాధి యగును.

చేయవలసిన పని పెద్దది కాదు. లక్షణములు తోచినప్పుడు కొలువవలెను. యంత్రము లేనిచో సందేహింపక తీపి పుచ్చుకొనవలెను. సుమారు 15 గ్రాములు, అనగా మూడు చిన్న చెంచాల చక్కెర గాని గ్లూకోసు పొడి గాని నీటిలో కలిపి త్రాగి, పదునైదు నిముషములు కూర్చుండి, మరల కొలువవలెను. పెరుగనిచో మరల అంతే పుచ్చుకొనవలెను. తేరుకొన్న పిదప కొంత ఆహారము తినవలెను. మన సీమలో విరివిగా దొరకు వేరుశనగ చిక్కీయు, నేతి లడ్డువును ఆ క్షణమునకు తగినవి కావు. అందలి నూనె, నేయి చక్కెరను ఆలస్యము చేయును. వోగ్లిబోస్, అకార్బోస్ అను మాత్రలు వాడువారికి మామూలు చక్కెర త్వరగా పని చేయదు. వారు గ్లూకోసు పొడినే దగ్గర ఉంచుకొనవలెను. స్పృహ తప్పినవాని నోటిలో నీరు గాని, చక్కెర గాని పోయరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోవును. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, 108కి ఫోను చేయవలెను. మాత్రల వలన పడిన చక్కెర ఒకసారి లేచి, కొన్ని గంటలకు మరల పడవచ్చును. మూత్రపిండములు బలహీనమైన వృద్ధులలో ఇది మరింత నిజము; కావున తేరుకొన్నాడని వెంటనే ఒంటరిగా విడువరాదు.

తిరుమల కాలినడక యాత్రికులకు ఇది విశేషముగా చెప్పవలసియున్నది. అలిపిరి నుండి సుమారు 3,550 మెట్లు. నడక చక్కెరను తగ్గించును. దర్శనమగువరకు ఏమియు తినరాదను నియమము మరింత తగ్గించును. ఉదయపు మాత్రయో, సూదిమందో లోపల తన పని చేయుచునే యుండును. మూడును కలిసినచోట ప్రమాదము పొంచియుండును. జేబులో పొట్లము, ప్రక్కన తెలిసిన మనిషి, బయలుదేరుటకు ముందు వైద్యుని సలహా, ఈ మూడును ఉన్నచో మెట్టు మెట్టుకు గోవింద నామము నిశ్చింతగా పలుకవచ్చును. వైద్యుడు నడువవద్దన్నచో బస్సులో వచ్చిన భక్తునియందు స్వామికి చిన్నచూపు లేదు.

2022 వరకు అనంతపురము జిల్లాలో నుండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన కదిరిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రహ్లాద సమేతుడై వెలసియున్నాడు. స్తంభమునుండి వెడలిన ఆ రూపమును చూచి దేవతలే దగ్గరకు పోలేకపోయిరి. బాలుడైన ప్రహ్లాదుడు మాత్రము దగ్గరకు వెళ్లి స్తుతించెను. తనకు ఈ భయంకర రూపము వలన భయము లేదనియు, సంసారచక్రము వలననే భయమనియు అతడు విన్నవించుకొనెనని భాగవత సప్తమ స్కంధము చెప్పుచున్నది. ప్రహ్లాదునకు భయము లేకపోలేదు. దేనికి భయపడవలెనో, దేనికి అక్కరలేదో అతడు ఎరిగియుండెను. స్వామి చేయి అతని శిరస్సుపై నిలిచినది.

మధుమేహ రోగియు ఆ వివేకమునే అర్థింపవలెను. చక్కెర పడిపోవుటకు జాగ్రత్తపడుట భయము కాదు, కాపలా. ఆ భయమునకు లొంగి దేహమును పాడుచేసికొనుటయే నిజముగా భయపడవలసిన విషయము. అభయహస్తము చూపు స్వామి, ఆపద యుండదని మాట యీయలేదు. ఆపదలో తాను ఉందునని మాట యిచ్చెను. ఆయన వచ్చు దారులు మనకు తెలియవు. ఒకప్పుడు ప్రక్క చేనిలోని రైతు చేతి బెల్లపు నీరుగా వచ్చును. ఒకప్పుడు రాత్రివేళ నుదుట నిలిచిన భార్య చేయిగా వచ్చును. ఒకప్పుడు మన జేబులోని చక్కెర పొట్లముగానే వచ్చును. ఏ రూపమున వచ్చినను గుర్తించి అందుకొనగల తెలివిని ఆ నరసింహుడు మనకు ప్రసాదించుగాక!